కానుక ఎక్కడ ఆగుతుంది? ధర ఎక్కడ మొదలవుతుంది?

సకల స్తోత్రాలూ మనిషిని చక్కని ఆకారంలో సృష్టించిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!



ఒక ఇంటిని ఊహించుకోండి. ఇంటి యజమానికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. భార్యకు షుగర్ ఉంది, ఆమె ఇవ్వడానికి వీల్లేదు. పిల్లలు చిన్నవాళ్లు. అప్పుడు చిన్నాన్న కొడుకు ముందుకొచ్చి, “భాయీజాన్, నా కిడ్నీ ఒకటి ఇస్తాను” అంటాడు. ఇంట్లో అందరి కళ్లూ చెమర్చుతాయి. కానీ ఆ తమ్ముడు ఆటో నడుపుకునేవాడు. ఫైనాన్సు వాళ్ల దగ్గర వడ్డీకి తెచ్చిన అప్పు నెత్తిమీద ఉంది. రాత్రి భోజనాల దగ్గర ఎవరో మెల్లగా అంటారు: “అతని అప్పు మనం తీర్చేద్దాం. ఊరికే తీసుకోకూడదు కదా!”

ఈ మాటలో దయ ఉంది, మర్యాద ఉంది. అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఇది కృతజ్ఞతా, లేక కిడ్నీ ధరా? అవయవ దానాన్ని ప్రోత్సహించడానికి డబ్బో మరో లాభమో చూపవచ్చునా అన్న చర్చ ప్రపంచమంతటా జరుగుతోంది. మన ఇళ్లలోకి అది ఇలా భోజనాల దగ్గర మాటగా వస్తుంది. షరీఅత్ దీన్ని ఎలా చూస్తుందో తెలుసుకుందాం.

ముందుగా ఒక విషయం

అసలు అవయవ మార్పిడి ధర్మసమ్మతమేనా అన్న విషయంలోనే ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. కరాచీకి చెందిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహి అలైహ్), ఆయనతో పాటు ఉపఖండంలోని మరికొందరు పెద్దలు దీన్ని అనుమతించలేదు. మరోవైపు ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన ఫిఖహ్ అకాడమీ 1988లో జిద్దాలో జరిగిన నాల్గవ సమావేశంలో కొన్ని షరతులతో అనుమతించింది. మన దేశంలో ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ (రహ్మతుల్లాహి అలైహ్) స్థాపించిన ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ 1989లో ఈ విషయాన్ని చర్చించింది. రోగికి వేరే దారి లేకుండా ప్రాణం మీదికి వచ్చినప్పుడు, దాతకు పెద్ద హాని కలగనప్పుడు, ఒక కిడ్నీని ఇవ్వవచ్చునని నిర్ణయించింది. అయితే అది అమ్మకం కారాదు. మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి వస్తే మీరు నమ్మే ముఫ్తీ గారిని సంప్రదించండి.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, అనుమతించినవారూ అనుమతించనివారూ ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉన్నారు. మనిషి అవయవాన్ని అమ్మకూడదు. ఈ ఏకాభిప్రాయం వెనుక ఉన్న కారణం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

శరీరం మన సొత్తు కాదు

ఆదం సంతతికి తాను గౌరవం ప్రసాదించానని దివ్యఖుర్ఆన్‌లో అల్లాహ్ ప్రకటించాడు (బనీ ఇస్రాయీల్: 70). ఈ గౌరవం ధనవంతునికి ఎక్కువ, కూలివానికి తక్కువ అని లేదు. పుట్టుకతోనే అందరికీ అందిన గౌరవమిది. హనఫీ ఫిఖహ్ గ్రంథాలలో మనిషి తలవెంట్రుకలను సైతం అమ్మరాదని రాశారు. వెంట్రుకలు అపవిత్రమైనవని కాదు. గౌరవనీయుడైన మనిషిలోని ఏ భాగాన్నీ అంగడి సరుకుగా దిగజార్చకూడదన్నదే దానికి కారణం. వెంట్రుక విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, కిడ్నీ మాట చెప్పాలా?

శరీరం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. అమానత్‌ను వాడుకుంటాం, కాపాడతాం, యజమాని అనుమతించిన మేరకు దానితో మేలు చేస్తాం. కానీ దాన్ని అమ్మి సొమ్ము చేసుకునే హక్కు మనకు లేదు. స్వతంత్రుడైన మనిషిని అమ్మి ఆ ధరను తిన్నవానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు సహీహ్ బుఖారీలోని హదీసు తెలుపుతోంది. రక్తం ధరను దైవప్రవక్త (సఅసం) నిషేధించారన్న హదీసు కూడా బుఖారీలో ఉంది. మన దేశంలో డబ్బు తీసుకుని రక్తమిచ్చే వృత్తిని సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. హాని జరిగాక మనుషులు తెలుసుకున్నదాన్ని షరీఅత్ ఎంతో ముందే చెప్పింది.

డబ్బు ఒకటే, దాని రూపాలు నాలుగు

అయితే దాతకు ఒక్క పైసా కూడా ముట్టకూడదా? అలా కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. దాత చేతికి చేరే డబ్బును నాలుగు రకాలుగా విడదీసి చూడాలి.

మొదటిది ధర. “ఇంత ఇస్తే కిడ్నీ ఇస్తాను” అన్న బేరం. పైకి చెప్పినా, లోలోపల అనుకున్నా ఇది హరామ్.

రెండవది నష్టాన్ని పూడ్చటం. ఆపరేషన్ ఖర్చు, పరీక్షలు, మందులు, ప్రయాణం, ఆపరేషన్ తరువాత కోలుకునే వారాలలో పోయిన సంపాదన. ఇది ధర కాదు. మేలు చేసినవాడు మేలు చేసినందుకు నష్టపోకూడదు. హాని చేయరాదు, హాని పొందరాదు అన్న ప్రవక్త (సఅసం) సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. పాలిచ్చే తల్లికి వేతనం చెల్లించమని ఖుర్ఆన్ ఆదేశించింది (అత్తలాఖ్: 6). హనఫీ ధర్మవేత్తలు మాత్రం స్త్రీ పాలను గిన్నెలో పోసి అమ్మటాన్ని ఒప్పుకోలేదు. అంటే ఆమె వెచ్చించిన సమయానికి, శ్రమకు ప్రతిఫలం ఉంది. ఆమె శరీరంలోని భాగానికి ధర లేదు. ఈ సన్నని గీతను మన పెద్దలు ఎంతో కాలం క్రితమే గీశారు.

మన దేశపు చట్టం కూడా దాదాపు ఇదే గీత మీద నడుస్తోంది. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం అవయవ వ్యాపారాన్ని నేరమన్నది. 2011 సవరణ తరువాత ఆ నేరానికి 5 నుంచి 10 సంవత్సరాల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కానీ అదే చట్టం, అవయవం ఇచ్చినందువల్ల దాతకు నేరుగా అయిన ఖర్చులనూ, పోయిన సంపాదననూ “చెల్లింపు” లెక్కలోకి తీసుకోలేదు. కేంద్ర ప్రభుత్వం 2023లో తన ఉద్యోగులు అవయవ దానం చేస్తే 42 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఇవ్వాలని నిర్ణయించింది. ఇది లాభం చూపించడం కాదు, నష్టం తొలగించడం.

మూడవది కృతజ్ఞత. ఎవరైనా మీకు మేలు చేస్తే తగిన విధంగా తిరిగి మేలు చేయమనీ, అంత స్తోమత లేకపోతే అతని కోసం దుఆ చేయమనీ ప్రవక్త (సఅసం) బోధించారు (అబూదావూద్). దాన్ని ఎవరు కాదనగలరు? కానీ ఈ విషయంలో జిద్దా అకాడమీ ధర్మవేత్తలు ఎంత జాగ్రత్తగా మాట్లాడారో చూడండి. అమ్మకం ఎలాంటి పరిస్థితిలోనూ చెల్లదని తేల్చి చెప్పిన తరువాత, అవయవం పొందినవాడు గత్యంతరం లేక ఇచ్చే డబ్బు, లేదా కానుకగా, గౌరవంగా ఇచ్చే డబ్బు ఇంకా పరిశీలించవలసిన విషయమని వదిలిపెట్టారు. తలుపు పూర్తిగా మూయలేదు, బార్లా తెరవనూ లేదు. ఎందుకంటే కానుక పేరుతో ధర లోపలికి రావటం చాలా తేలిక.

నాలుగవది ప్రలోభం. ఇవ్వాలన్న ఆలోచన లేనివాణ్ణి ఇచ్చేలా లాగటానికి చూపే లాభం. దీన్నే నేడు ప్రోత్సాహకం అంటున్నారు. పేరు మెత్తగా ఉన్నా, పేదవాని విషయంలో అది ధరకు పక్కింటిదే.

కానుకకు ఒక గీటురాయి

కానుకనూ ధరనూ వేరు చేయటం ఎలా? దీనికి ప్రవక్త (సఅసం) జీవితంలోని ఒక సంఘటన దారి చూపిస్తుంది. జకాత్ వసూలుకు పంపిన ఒక వ్యక్తి తిరిగొచ్చి కొంత సొమ్ము బైతుల్‌మాల్‌దనీ, మిగతాది తనకు కానుకగా వచ్చిందనీ చెప్పాడు. ప్రవక్త (సఅసం) ఆగ్రహించారు. అతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక అతని దగ్గరకు వచ్చి ఉండేదా అని నిలదీశారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

ఈ గీటురాయిని మన ఆటో తమ్ముని విషయంలో గీసి చూడండి. ఇన్నేళ్లుగా అతని అప్పు సంగతి మీకు తెలుసు కదా! వడ్డీ వాళ్లు ఇంటి ముందు నిలబడి అరిచిన రోజు తీర్చాలని ఎందుకు అనిపించలేదు? కిడ్నీ ఇస్తానన్న రాత్రే ఎందుకు గుర్తొచ్చింది? ఇంకొక ప్రశ్న. అప్పు తీర్చిన మరుసటి రోజు అతను, “భాయీజాన్, నాకు భయంగా ఉంది, ఇవ్వలేను” అంటే మీరు నవ్వుతూ “ఫరవాలేదు తమ్ముడూ” అనగలరా? లేక “మరి మా డబ్బు?” అంటారా? రెండవ మాట నోటికొచ్చేటట్లయితే అది మొదటి నుంచీ ధరే. ఎన్నిసార్లు హదియా అని పిలిచినా దాని స్వభావం మారదు.

“ఇద్దరికీ మేలే కదా!”

కొందరు విజ్ఞులు నిజాయితీగానే ఒక ప్రశ్న వేస్తారు. “రోగి చచ్చిపోతున్నాడు. పేదవానికి డబ్బు కావాలి. ఇద్దరూ ఇష్టపడ్డారు. ఒక ప్రాణం నిలబెట్టినవాడు సమస్త మానవాళిని బ్రతికించినట్లేనని ఖుర్ఆన్ చెబుతోంది (అల్‌మాయిదా: 32). ఇందులో తప్పేమిటి?”

ప్రశ్న తేలికైనది కాదు. డయాలసిస్ గదిలో కూర్చున్నవారి బాధ తెలిసినవారెవరూ దీన్ని కొట్టిపారేయలేరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ వ్యాధి ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మనకు తెలుసు. ఈ వాదన మీదనే ఇరాన్ దేశం 1988లో ఒక పద్ధతి ప్రారంభించింది. బంధువు కాని దాతకు ప్రభుత్వమే నిర్ణీత కానుక, ఆరోగ్య బీమా ఇస్తుంది. రోగి కూడా కొంత చెల్లిస్తాడు. దళారీలను పక్కనపెట్టి, దాతలనూ రోగులనూ ఒక సేవాసంఘం కలుపుతుంది. 1999 నాటికి కిడ్నీ కోసం ఎదురుచూసేవారి జాబితా తరిగిపోయిందని అక్కడి వైద్యులు రాశారు. ప్రభుత్వం ఇచ్చే సొమ్ముకు “ఈసార్ కానుక” అని పేరు పెట్టారు. ఈసార్ అంటే తన అవసరాన్ని పక్కనపెట్టి ఇతరుల అవసరాన్ని తీర్చటం. మదీనా అన్సార్లను అల్లాహ్ ప్రశంసించింది ఈ గుణానికే (అల్‌హష్ర్: 9).

కానీ ఆ ఈసార్ చేసినవారు ఏమన్నారు? కెర్మాన్‌షాహ్ నగరంలో కిడ్నీ ఇచ్చిన 300 మంది మీద జరిగిన పరిశీలన 2001లో వెలువడింది. మళ్లీ అవకాశమొస్తే ఆ పని చేయబోమని వారిలో అత్యధికులు చెప్పారు. మన పొరుగున చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని పరిశోధకులు 2001లో కలిశారు. నూటికి 96 మంది అప్పు తీర్చటానికే అమ్మామన్నారు. సగటున ఆరేళ్లు గడిచిన తరువాత చూస్తే నలుగురిలో ముగ్గురు ఇంకా అప్పులోనే ఉన్నారు. కుటుంబ ఆదాయం మూడింట ఒక వంతు తగ్గింది. నూటికి 86 మంది తమ ఆరోగ్యం దెబ్బతిన్నదన్నారు. ఇలా చేయమని మరొకరికి సలహా ఇవ్వబోమన్నవారు నూటికి 79 మంది. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో 239 మందిని విచారించి 2007లో ప్రచురించిన పరిశీలనలోనూ ఇదే కథ. వారిలో మూడింట రెండు వంతుల మంది భూస్వాముల దగ్గర వెట్టిచాకిరీ చేసేవారు. అమ్మిన తరువాత నూటికి 88 మంది బ్రతుకు ఏమీ మెరుగుపడలేదు.

సోదరులారా! “ఇద్దరికీ మేలు” అన్న మాటలో రెండవవాని మేలు ఎక్కడుంది? కిడ్నీ పోయింది, అప్పు మిగిలింది. “ఇద్దరూ ఇష్టపడ్డారు” అన్న మాట కూడా తూకానికి నిలవదు. మెడ మీద అప్పుల కత్తి పెట్టినప్పుడు వచ్చే అంగీకారం ఏపాటిది? వడ్డీకి అప్పు తీసుకున్నవాడు కూడా ఇష్టపడే సంతకం పెడతాడు. అంతమాత్రాన అల్లాహ్ వడ్డీని హలాల్ చేయలేదు.

ఒకే శరీరంలో రెండు హక్కులు ఉంటాయి. రోగి ప్రాణం ఎంత విలువైనదో దాత ప్రాణమూ అంతే విలువైనది. ఒక పేదవాణ్ణి కుంగదీసి ఒక ధనవంతుణ్ణి నిలబెట్టటం అల్‌మాయిదా ఆయతు కోరిన ప్రాణరక్షణ కాదు. 2008లో వివిధ దేశాల వైద్యులు ఇస్తాంబుల్‌లో సమావేశమై అవయవ వ్యాపారాన్ని ఖండిస్తూ ప్రకటన చేశారు. 2010లో ప్రపంచ ఆరోగ్య సభ కూడా అవయవాలను డబ్బు తీసుకోకుండానే ఇవ్వాలనీ, దాతకైన న్యాయమైన ఖర్చులు మాత్రం చెల్లించవచ్చుననీ సూత్రం ఆమోదించింది.

డబ్బు లేని ప్రలోభాలు

ప్రలోభం ఎప్పుడూ నోట్ల రూపంలోనే రాదు. మన దేశంలో బ్రతికుండగా అవయవం ఇస్తున్నవారిలో అత్యధికులు స్త్రీలు. పుచ్చుకుంటున్నవారిలో అత్యధికులు పురుషులు. తల్లి, భార్య ప్రేమతో ఇచ్చేవి వీటిలో ఎన్నో ఉన్నాయి. అల్లాహ్ వారికి గొప్ప ప్రతిఫలం ప్రసాదించుగాక! కానీ “నువ్వు ఇవ్వకపోతే ఈ ఇంట్లో నీకు స్థానమేమిటి?” అన్న అత్తగారి చూపు కూడా ఒక బలవంతమే. “ఇస్తే నీ చెల్లెలి పెళ్లి మేము చేస్తాం” అన్న మాట కూడా బేరమే. ఆపరేషన్‌కు ముందు దాతతో డాక్టరు గానీ ఇంటి పెద్ద గానీ ఒంటరిగా మాట్లాడాలి. వద్దనుకునే స్వేచ్ఛ ఆ వ్యక్తికి నిజంగా ఉందో లేదో చూడాలి. కాదని చెప్పే హక్కు లేనిచోట దానం అన్న మాటకు అర్థం లేదు.

అలాగే అబద్ధపు పత్రాలు. చట్టం ప్రకారం తల్లిదండ్రులు, సంతానం, తోబుట్టువులు, భార్యాభర్తలు, తాత అవ్వలు, మనవలు దగ్గరి బంధువులు. చిన్నాన్న కొడుకు ఆ జాబితాలో లేడు. అతను ఇవ్వాలంటే అధికార కమిటీ అనుమతి కావాలి. కమిటీ ముందు సొంత తమ్ముడని రాయించటం, జరిగిన చెల్లింపును దాచటం ఇవన్నీ అబద్ధపు సాక్ష్యం కిందికి వస్తాయి. ప్రాణం కాపాడే పనిని మహాపాపంతో మొదలుపెట్టకండి.

మరణం తరువాత

మృతుని అవయవాల విషయంలో అభిప్రాయభేదం ఇంకా ఎక్కువ. మృతుడు బ్రతికుండగా గానీ, తరువాత వారసులు గానీ అనుమతిస్తే ఇవ్వవచ్చునని జిద్దా అకాడమీ చెప్పగా, మన దేశపు ఫిఖహ్ అకాడమీ అలాంటి ఆదేశాన్ని షరీఅత్ ప్రకారం వసియ్యత్‌గా అంగీకరించలేదు. కానీ ప్రతిఫలం విషయంలో ఇక్కడా సందేహం లేదు. వారసులకు మృతుని ఇల్లు, పొలం, నగలు సంక్రమిస్తాయి. మృతదేహం సంక్రమించదు. తమది కానిదానికి వారు ధర ఎలా పుచ్చుకుంటారు? శవం ఎముక విరవటం బ్రతికున్నవాని ఎముక విరిచినట్లేనని ప్రవక్త (సఅసం) తెలిపారు (అబూదావూద్). తమిళనాడు ప్రభుత్వం 2023లో అవయవ దాతల అంత్యక్రియలను ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని ప్రకటించింది. అలాంటి గౌరవం ధర కాదు. కానీ దుఃఖంలో మునిగిన పేద కుటుంబం ముందు ఆసుపత్రి వరండాలో డబ్బు మూట పెట్టి సంతకం అడగటం గౌరవం కాదు.

అసలు మందు ఎక్కడుంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆ తమ్ముని అప్పు తీర్చాలా, వద్దా?

తీర్చాలి. కానీ కిడ్నీ కోసం కాదు. అతను రుణగ్రస్తుడు కాబట్టి తీర్చాలి. జకాత్ సొమ్ముకు అల్లాహ్ నిర్ణయించిన ఎనిమిది పద్దులలో రుణగ్రస్తులు ఒకరు (అత్తౌబా: 60). రోగి ఇంటివారి డబ్బుతో కాకుండా, మొహల్లా బైతుల్‌మాల్ నుంచో, ఈ వ్యవహారంతో సంబంధం లేని మరొకరి జకాత్ నుంచో తీర్చాలి. ఎందుకంటే జకాత్ ఇచ్చేవాడు దానివల్ల తాను లాభం పొందకూడదు. అప్పు తీరిన తరువాత కిడ్నీ మాట ఎవరూ ఎత్తకూడదు. అప్పుడు కూడా అతను తనంతట తానే ముందుకు వస్తే, అది ఈసార్. రాకపోతే, ఒక ముస్లిం వడ్డీ ఊబి నుంచి బయటపడ్డాడు. ఆ పుణ్యం చాలదా? ఇక దానం జరిగితే అతని ఆసుపత్రి ఖర్చు, ఆటో నడపని నెలల సంపాదన, తరువాత ఏటేటా చేయించవలసిన పరీక్షలు రోగి కుటుంబం బాధ్యత. కృతజ్ఞతగా జీవితాంతం సలాం, దుఆ, కష్టసుఖాలలో తోడు.

చెన్నై లెక్కను మరొక్కసారి గుర్తుచేసుకోండి. నూటికి 96 మంది అప్పు కోసమే అమ్ముకున్నారు. వారిని కిడ్నీ అమ్మే చోటికి నడిపించింది దళారీ ఒక్కడే కాదు. వడ్డీ వ్యాపారి నడిపించాడు. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమన్న ఖుర్ఆన్ ఆజ్ఞను (అల్‌బఖరా: 280) మరచిన అప్పులవాడు నడిపించాడు. బీరువాలో బంగారం పెట్టుకుని జకాత్ లెక్క తీయని ఇల్లు కూడా నడిపించింది. మన మొహల్లాలో ఒక వితంతువు కూతురి పెళ్లి అప్పు కోసం శరీరాన్ని తూకానికి పెట్టే పరిస్థితి వస్తే, ప్రళయదినాన ఆమెను ఒక్కదాన్నే ప్రశ్నిస్తారా?

ఒకసారి ఒక జనాజా తెచ్చినప్పుడు ప్రవక్త (సఅసం) మృతునికి అప్పు ఉందా అని అడిగారు. ఉందన్నారు. అయితే మీ సహచరునికి మీరే నమాజు చేయండన్నారు. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) లేచి ఆ అప్పు తన బాధ్యత అన్నారు. ఆ తరువాత ప్రవక్త (సఅసం) జనాజా నమాజు చేయించారు (బుఖారీ). చనిపోయినవాని అప్పు మోయటానికే ఒకరు లేచి నిలబడిన సమాజం మనది. బ్రతికున్నవాని అప్పు మోయటానికి ఎందరు లేవాలి!

ఈ నెల మీ జకాత్ లెక్క తీసేటప్పుడు మీ బంధువుల్లో, మీ వీధిలో వడ్డీ అప్పులో ఉన్నవారు ఎవరో కనుక్కోండి. ఎవరికైనా ఆపద వచ్చి అవయవం అవసరం పడకముందే కనుక్కోండి. అప్పుడు మీరిచ్చేదానిలో ధర వాసన ఉండదు.

ఓ అల్లాహ్! రోగులకు స్వస్థత ప్రసాదించు. నీ ప్రసన్నత కోసం తమ శరీరంలోంచి పంచి ఇచ్చినవారి త్యాగాన్ని స్వీకరించు. రుణగ్రస్తుల రుణాలు తీరే మార్గం చూపించు. మా చేతులను పేదవాని శరీరానికి ధర కట్టే చేతులుగా కాక, అతని భారం దించే చేతులుగా చేయి. ఆమీన్!